తనంతట తానే తడుపుకునే కుండీ

మిద్దెతోటల పెంపకం హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో ఇంటింటి అలవాటుగా మారుతున్న కొద్దీ, కుండీలకు వేళ తప్పకుండా నీరు పోయడమే ఆ తోటల యజమానులకు అన్నిటికన్నా పెద్ద బరువుగా పరిణమిస్తున్నది. నేలలో నాటిన మొక్క వేళ్లను లోతుకు పంపి తేమను వెతుక్కోగలదు గాని కుండీలోని మొక్కకు ఆ అవకాశం లేదు. అందువల్ల ఎండాకాలంలో రోజుకు ఒకటి రెండు లీటర్ల నీటిని తాగే కాపు మీది టమాటా మొక్క, ఉదయం పోసిన నీరు సాయంత్రానికి చాలక ఆకులు వాల్చేస్తుంది. అడుగున నీటి నిల్వను, పైన మట్టిని ఉంచి, ఆ నీరు మొక్కకు కావలసినంత మేరకు తనంతట తానే పైకి చేరేటట్లు అమర్చిన కుండీ ఈ ఇబ్బందిని చాలావరకు తీరుస్తుంది. పాత బకెట్లతో దీనిని ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు.

నీటిని పోయకుండా మొక్కే తీసుకునేటట్లు చేయాలన్న ఆలోచన చాలా పాతది. మెరుగుపూత లేని మట్టికుండను మొక్కల నడుమ మెడవరకు పాతి, నీటితో నింపి మూతపెట్టే పద్ధతిని చైనాలో క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దినాటి ఫాన్ షెంగ్‌జీ తన వ్యవసాయ గ్రంథంలో వర్ణించాడు. అక్కడ నీరు కుండ గోడల రంధ్రాలగుండా పక్కలకు ఊరుతుంది. ఇప్పటి కుండీలలో అది కిందినుంచి పైకి పాకుతుంది. దీపంలోని నూనెను వత్తి పైకి లాగినట్లే, సన్నని సందులలో నీరు భూమ్యాకర్షణకు ఎదురెక్కే ఈ గుణాన్ని కేశనాళికీయత అంటారు. నీటి అణువులకు గోడలను అంటిపెట్టుకునే స్వభావమూ, ఒకదానినొకటి పట్టి లాగే తలతన్యతా కలిసి ఈ పని చేస్తాయి. సందు ఎంత సన్ననిదైతే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుందని జేమ్స్ జూరిన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1718లో నిరూపించాడు. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న గాజుగొట్టంలో నీరు దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లే ఎక్కగా, అందులో పదో వంతు వ్యాసార్ధం ఉన్న గొట్టంలో పదిహేను సెంటీమీటర్ల దాకా ఎక్కుతుంది.

అయితే ఇంట్లో చేసిన ఇటువంటి కుండీలు విఫలమైనప్పుడు సాధారణంగా కారణం నీరు ఎక్కకపోవడం కాదు, వేళ్లకు గాలి అందకపోవడం. ఆకుల మాదిరిగానే వేళ్లు కూడా శ్వాసిస్తాయి. మట్టిరేణువుల మధ్య ఉన్న ఖాళీలన్నీ నీటితో నిండిపోతే ప్రాణవాయువు అందక వేళ్లు కుళ్లి, చుట్టూ నీరుండగానే మొక్క వాడిపోతుంది. ఆ వాడుటను దాహంగా భావించి మరింత నీరు పోస్తే మొక్క పూర్తిగా చనిపోతుంది. నీటిమట్టానికీ, మట్టిని మోసే అడుగుకూ మధ్య కొద్దిపాటి గాలి అర తప్పనిసరిగా ఉండాలని చెప్పేది ఇందుకే. ఆ అరను కాపాడేది బకెట్టు పక్కన తొలిచిన ఒక చిన్న రంధ్రం. అదనపు నీరు దానిగుండా బయటికి పొంగిపోతుంది గనుక దీనిని పొంగునీటి రంధ్రం అనవచ్చు. మొత్తం అమరికలో ఇంతకన్నా ముఖ్యమైన భాగం మరొకటి లేదు.

తయారీకి ఇరవై లీటర్ల ప్లాస్టిక్ బకెట్లు రెండు సరిపోతాయి. వంటనూనె వంటి ఆహారపదార్థాలు వచ్చినవి అన్నిటికన్నా మేలు. పురుగుమందులు, రసాయనాలు నిల్వచేసిన వాటిని ఎంత కడిగినా వాడకూడదు. వెలుతురు సోకితే నీటిలో నాచు పెరుగుతుంది కాబట్టి పారదర్శకమైనవి పనికిరావు. ఒక బకెట్టు అడుగున, పది సెంటీమీటర్ల ఎత్తుకు కోసి పక్కలకు రంధ్రాలు చేసిన లావుపాటి పీవీసీ పైపు ముక్కలను నిలబెట్టి, వాటిమీద రెండో బకెట్టును దించాలి. పైబకెట్టు అడుగు మధ్యలో ఒక పెద్ద రంధ్రం కోసి, పక్కలంతా చిల్లులు పెట్టిన పది సెంటీమీటర్ల ప్లాస్టిక్ గ్లాసును దాని అంచు పట్టి వేలాడేటట్లు అందులో దించితే, గ్లాసు అడుగు కింది బకెట్టును తాకుతుంది. మట్టి మిశ్రమంతో నింపిన ఈ గ్లాసే నీటిలో మునిగి తడిని పైకి పంపుతుంది. గాలి ఆడడానికి పైబకెట్టు అడుగంతా చిన్న చిల్లులు వేయాలి. నీరు నింపడానికి, కొస ఏటవాలుగా కోసిన ఒక అంగుళం పైపును పైనుంచి నిల్వ దాకా దింపాలి. కొస సమంగా ఉంటే అది అడుగుకు ఆనుకుని నీటిని ఆపేస్తుంది. కింది బకెట్టుకు అడుగునుంచి ఎనిమిదిన్నర సెంటీమీటర్ల ఎత్తున పొంగునీటి రంధ్రం పెడితే, దానిపైన ఒకటిన్నర సెంటీమీటర్ల గాలి అర మిగులుతుంది, నిల్వ సుమారు నాలుగు లీటర్లు ఉంటుంది.

పెరటి మట్టిని నేరుగా నింపడం మరో పెద్ద పొరపాటు. బంకమట్టిలోని సన్నని సందులు నీటిని పట్టుకుని గాలిని వెళ్లగొడతాయి, ముతక ఇసుకలోని పెద్ద సందులేమో నీటిని పైకి లాగలేవు. కొబ్బరిపొట్టు రెండు పాళ్లు, వర్మీకంపోస్టు ఒక పాలు, పెర్లైటు గాని, నల్లగా కాల్చి చల్లార్చిన వరిఊక గాని ఒక పాలు కలిపిన మిశ్రమం నీటిని పైకి లాగడం, గాలిని నిలపడం అనే రెండు గుణాలనూ సమకూరుస్తుంది. కొబ్బరిపొట్టులో తరచు ఉప్పు మిగిలి ఉంటుంది. దానిని మంచినీటిలో రెండు మూడుసార్లు నానబెట్టి పిండిన తరువాతే వాడాలి. పొడిమిశ్రమంలో నీరు ఎక్కదు గనుక మొదటిసారి పైనుంచే పూర్తిగా తడపాలి. నారు వేళ్లు దిగేదాకా, అంటే తొలి రెండు మూడు వారాలపాటు, పైనుంచి కొంచెం కొంచెంగా నీరు పోస్తుండాలి. నిల్వ ఎండిపోయి మిశ్రమం ఆరిపోతే తడి గొలుసు తెగిపోతుంది. అప్పుడు అడుగును నింపినంత మాత్రాన పని జరగదు, మళ్లీ పైనుంచి తడపవలసిందే.

నీరు పైకెక్కి ఆవిరైనప్పుడు అందులో కరిగిన లవణాలు ఉపరితలం మీద తెల్లని పొరగా మిగిలిపోతాయి. బోరునీటి ఇళ్లలో ఇది త్వరగా కనిపిస్తుంది. ఆ పొరను గీకివేసి, అప్పుడప్పుడు పైనుంచి ధారాళంగా నీరు పోసి లవణాలను పొంగునీటి రంధ్రంగుండా కడిగివేయాలి. వర్షాకాలం ఆ పనిని తానే చేసిపెడుతుంది.

టమాటా, వంగ, తోటకూర, పాలకూర, పుదీనా ఈ కుండీలో బాగా పెరుగుతాయి. కలబంద, బ్రహ్మజెముడు వంటి ఎడారి మొక్కలకు నిత్యం తడి పనికిరాదు. ఎండ తీవ్రతకు టమాటా పూత రాలడాన్ని ఈ అమరిక ఆపలేదు, దానికి నీడవల కావాలి. నాలుగు లీటర్లు పెద్ద టమాటాకు రెండు మూడు రోజులకే సరిపోతాయి కాబట్టి వారాల తరబడి ఊరికి వెళ్లేవారు దీన్ని నమ్ముకోరాదు. తడిసిన బకెట్టు ఒక్కొక్కటి ఇరవై కిలోల దాకా తూగుతుంది. పదుల సంఖ్యలో పెట్టదలచినవారు వాటిని దూలాలు, గోడలు ఉన్న చోట్లమీదే అమర్చడం క్షేమం.

అడుగున నిలిచే నీటితో దోమల ముప్పు కూడా ఉంది. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఎక్కువగా నిలిచిన తేట నీటి అంచున గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లు వెచ్చని వాతావరణంలో వారం పది రోజుల్లో దోమలవుతాయి. నింపే పైపు నోటికి మూత, పొంగునీటి రంధ్రానికి సన్నని జాలీ, రెండు బకెట్ల అంచుల మధ్య సందుకు గుడ్డ చుట్టు లేకుండా ఈ కుండీని ఏ ఇంటిలోనూ ఒక్కరోజు కూడా ఉంచకూడదు.