నర్సింగ్ కోర్సులో చేర్చే ముందు...

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల తల్లిదండ్రులారా! "ఆరు నెలల్లో నర్సు కావచ్చు" అనే మాటలు నమ్మి పిల్లల్ని చేర్చకండి. ఏ.ఎన్.ఎం. రెండేళ్లు, జి.ఎన్.ఎం. మూడేళ్లు, బి.ఎస్సి. నర్సింగ్ నాలుగేళ్లు చదవాలి. పాసయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. అప్పుడే నర్సుగా పనిచేసే అర్హత వస్తుంది.

ఇంత కట్టుబాటు ఎందుకు? మందు మోతాదు తప్పినా, గ్రూపు చూడకుండా రక్తం ఎక్కించినా రోగి ప్రాణానికే ముప్పు. అందుకే దేశమంతటా శిక్షణ ఒకే స్థాయిలో ఉండాలని 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం చేశారు. దాని స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది.

ఫీజు కట్టకముందే ఆ స్కూలుకు కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో పత్రం అడిగి చూడండి. గుర్తింపు లేని చోట చదివితే పేరు నమోదు కాదు. అప్పుచేసి కట్టిన డబ్బూ పోతుంది, బిడ్డ చదివిన కాలమూ తిరిగి రాదు.