ఆ నొప్పి నటన కాదు!

ఎక్స్‌రే తీశారు. రక్తం పరీక్షించారు. ఏ లోపమూ కనిపించలేదు. అయినా కడుపునొప్పి, గుండెదడ తగ్గవు. డాక్టర్లు మారుతుంటారు, అప్పులు పెరుగుతుంటాయి. చివరికి ఇంట్లోవాళ్లే "అంతా నటన" అనేస్తారు. ఆ మాటతో రోగి మరింత కుంగిపోతాడు.

నిజానికి ఆ బాధ అబద్ధం కాదు. ఒంట్లో బాధల గురించి అదుపు తప్పిన ఆందోళన కూడా ఒక జబ్బే. ఇక్కడ మందులతో పాటు నర్సు తీరూ ముఖ్యం. ముందు రోగి మాట నమ్మాలి. నొప్పి అన్నప్పుడే కాక, రోజూ వేళ ప్రకారం వెళ్లి పలకరించాలి. పలకరింపు కోసం నొప్పి అక్కర్లేదని అప్పుడు రోగికి తెలుస్తుంది. ఇంటి దిగులు, పంట బెంగ కూడా అడగాలి. కొత్త లక్షణం కనబడితే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పాలి.

కొందరు డబ్బు ఆశ లేకున్నా కావాలనే జబ్బు తెచ్చుకుంటారు. థర్మామీటరు వేడిచేసి జ్వరమంటారు. పుండు మాననివ్వరు. బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ 1951లో ఇలాంటివారి గురించి రాశారు. ఇదీ మానసిక రుగ్మతే. నలుగురిలో నిలదీస్తే వారు ఆసుపత్రి మారుస్తారు. నర్సు తిట్టకుండా కనిపెట్టి ఉండి, చూసింది చూసినట్టు రాసిపెట్టాలి.

మానసిక సమస్యలపై 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు.