పాండవుల గుట్టల్లో పగులు వెంట పైకి

భూపాలపల్లిలో బొగ్గు లారీల వరస దాటి పరకాల వైపు బయల్దేరితే చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం కనిపిస్తుంది. అదీ దాటి రేగొండ మండలంలోకి వచ్చాక చేల వెనక గుట్టల వరస మొదలవుతుంది. రావులపల్లి, తిరుమలగిరి ఊళ్ల దగ్గరున్న వీటిని జనం పాండవుల గుట్టలంటారు. దూరానికి మామూలు గుట్టలే. దగ్గరికెళ్తే నిట్టనిలువు ఇసుకరాతి గోడలు, గోడకూ గోడకూ మధ్య ఇరుకు సందులు, ఆ గోడల్ని కింది నుంచి పైదాకా చీల్చుకుంటూ పోయిన పగుళ్లు. ఇక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గుహల్లోని బొమ్మలు చూసి వెళ్లిపోతారు. బండలెక్కే అలవాటున్నవాళ్ల కళ్లు మాత్రం ముందు ఆ పగుళ్ల మీదికే పోతాయి.

నున్నటి గోడకు పట్టు దొరకదు. పగులున్న గోడ అలా కాదు, అక్కడ పట్టు బయట ఉండదు, లోపలుంటుంది. అరచేతిని బొటనవేలు పైకుండేలా నిలువుగా పగులులోకి దూర్చాలి. ఆ బొటనవేలిని అరచేతిలోకి మడవగానే దాని మొదట్లోని కండ ఉబ్బుతుంది. ఒకపక్క వేళ్ల కొసలు, మణికట్టు దగ్గరి మెత్తటి భాగం, ఇంకోపక్క చేతి వెనక ఎముకలు రెండు గోడలకూ ఆని చెయ్యి బిగుసుకుంటుంది. దీన్నే జామ్ అంటారు. సరిగ్గా పడితే వేళ్లతో దేన్నీ పట్టుకోకుండానే ఒంటి బరువంతా ఆ చెయ్యి మోస్తుంది. పాదానిదీ ఇదే పని. మోకాలు బయటికి వంచి, అరికాలు పక్కకు తిరిగేలా బూటు కొసను సందులోకి దూర్చి, మోకాలిని మళ్లీ నిటారుకు తెస్తే పాదం మెలిపడి అక్కడే నిలుస్తుంది. పగులు రెండు సెంటీమీటర్లే ఉంటే వేళ్ల కణుపులతో, అయిదు ఉంటే అరచేత్తో, ఎనిమిది దాటితే పిడికిలితో పని. అందుకే సన్నటి చేతులున్న అమ్మాయికి తేలిగ్గా లొంగిన పగులు, ఆరడుగుల మనిషిని కిందే నిలబెట్టేయగలదు. ఇసుకరాయి గరుకుకు చేతి వెనక తోలు లేచిపోకుండా చాలామంది పట్టీ చుట్టుకుంటారు.

పడితే సంగతేమిటి? పాత పద్ధతిలో, అంటే ట్రాడ్ క్లైంబింగ్‌లో, మొదట ఎక్కే మనిషికి పైనుంచి తాడుండదు. నడుముకు కట్టుకున్న తాడు కిందికి వేలాడుతుంటే, తోడున్న మనిషి దాన్ని కింద నుంచి వదులుతుంటాడు. ఎక్కేవాళ్లు దారిలో పగులు సన్నబడ్డ చోట చిన్న లోహపు బిళ్ల దూర్చి, దాని తీగకు తాడు తగిలిస్తారు. వాలులో బండి చక్రం కింద పెట్టిన రాయిలాగా, కిందికి లాగినకొద్దీ అది బిగుస్తుంది. చివరి బిళ్ల కన్నా రెండు మీటర్లు పైకెళ్లాక చెయ్యి జారితే కనీసం నాలుగు మీటర్లు పడతారు. కాబట్టి ఎక్కడ ఆగాలో, ఎక్కడ బిళ్ల పెట్టాలో తెలియడమే సగం విద్య. వెనక వచ్చే మనిషి వాటన్నిటినీ తీసుకుంటూ వస్తాడు. ఇద్దరూ పైకి చేరేసరికి గోడ మీద ఏమీ మిగలదు.

ఈ బిళ్లలకు నట్ అనే పేరు ఊరికే రాలేదు. బ్రిటన్‌లోని వేల్స్ కొండల్లో ఎక్కేవాళ్లు తొలుత గులకరాళ్లు జేబులో వేసుకెళ్లి పగుళ్లలో ఇరికించేవారు. తర్వాత స్నోడన్ కొండ రైలుపట్టాల వెంట పడి ఉన్న మరనట్లు ఏరుకుని, వాటికి తాడు గుచ్చి వాడారు. అంచులు సమాంతరంగా ఉండే పగులులో నట్ నిలవదు. ఆ చిక్కు విప్పింది అమెరికన్ రే జార్డిన్. స్ప్రింగుతో విచ్చుకుని రెండు గోడలనూ నొక్కిపట్టే ఆయన పరికరం 1978లో ‘ఫ్రెండ్స్’ పేరుతో అంగళ్లకు వచ్చింది. అయితే మెత్తటి ఇసుకరాతిలో ఫ్రెండ్‌ను కూడా గుడ్డిగా నమ్మకూడదు. గట్టిగా పడితే అది పగులు అంచునే కొరికేయవచ్చు.

పాండవుల గుట్టలు ఇక్కడికెలా వచ్చాయో తెలియాలంటే బొగ్గు కథలోకి వెళ్లాలి. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టిన భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్, పదేళ్ల తర్వాత ప్రాణహిత–గోదావరి లోయ శిలల మీద పెద్ద గ్రంథం అచ్చువేశారు. ఈ గుట్టలున్న లోయ అంచుల్లోని పాత ఇసుకరాళ్లకు సుల్లవాయి శిలలని పేరు పెట్టింది ఆయనే. ఆ రాళ్ల వయసు 54 కోట్ల ఏళ్లకు పైమాటే. గోదావరిఖనిలో, భూపాలపల్లిలో తవ్వుతున్న బొగ్గు వయసు దాదాపు 28 కోట్ల ఏళ్లు. అంచులు నిలబడగా నడుమ నేల కుంగింది. ఆ కుంగిన చోట అడవులు పూడిపోయి బొగ్గయ్యాయి. వీటితో పోలిస్తే హిమాలయాలు నిన్నటివి, అవి లేవడం మొదలై అయిదు కోట్ల ఏళ్లే. భూగర్భ సర్వే సంస్థ ఈ గుట్టలను భూవారసత్వ స్థలంగా గుర్తించిందంటే ఆశ్చర్యం లేదు.

పగుళ్లను చదవడం ఈ ప్రాంతానికి కొత్త విద్యేమీ కాదు. బొగ్గుబాయిలోకి, అంటే గనిలోకి, దిగిన మైనింగ్ సర్దార్ ముందు చూసేది కప్పునే. కర్రతో తట్టి చెవి పెడతాడు. ఖంగుమంటే గట్టి బండ. డొల్ల చప్పుడు వస్తే పొర విడిందన్నమాట, దాన్ని రాల్చేయాలి, లేదా ఆపు పెట్టాలి. రాతి గోడ ఎక్కేవాళ్లూ బరువు వేసే ముందు అనుమానమున్న పలకను పిడికిలితో తట్టి ఇదే చప్పుడు వింటారు. గనిలోనైతే ఆ తర్వాత కప్పులోకి రంధ్రం తొలిచి, సిమెంటు గొట్టం దూర్చి, మీటరున్నరో ఆ పైనో పొడవున్న ఇనుప బోల్టు బిగిస్తారు. కింద పనిచేసే మనిషి ప్రాణం ఆ బోల్టుతో ముడిపడి ఉంటుంది.

గుట్ట మీద బోల్టు మాట వేరు. క్రీడ కోసం గోడలకు శాశ్వతంగా మేకులు దిగ్గొట్టే పద్ధతి ప్రపంచమంతటా ఉంది, చాలాచోట్ల అది సబబే. ఇక్కడ మాత్రం వద్దనే అంటాను. 1990లో వెలుగులోకి వచ్చిన ఈ గుట్టల చిత్రాల్లో మధ్యరాతియుగం నాటివి మొదలు మధ్యయుగాల దాకా ఉన్నాయి: దున్నలు, జింకలు, పులులు, విల్లంబులు, స్వస్తికలు. ఎరుపు, పసుపు, తెలుపులతో పాటు ఆకుపచ్చ రంగూ వాడారు. ఎదురు పాండవుల గుట్ట, గొంతెమ్మ గుట్ట, మేకల బండ, తుపాకుల గుండు... ఏ మూలలో ఏ గీత ఉందో పైపైన చూస్తే తెలియదు. డ్రిల్లు పెట్టిన చోట, చెమటకు రాసుకునే తెల్లపొడి చేతులు ఆనిన చోట పోయిన బొమ్మ మళ్లీ రాదు. బిళ్ల పెట్టి బిళ్ల తీసుకుపోయే పాత పద్ధతి, అదీ చిత్రాలకు దూరంగా ఉన్న పగుళ్ల మీద, ఈ కొండకు సరిపోతుంది.

తెలంగాణలో బండలెక్కడమంటే అందరికీ గుర్తొచ్చేది భువనగిరి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చింది ఆ ఏకశిల మీదే. అక్కడ గ్రానైటు వాలు మీద పాదం నిలపడమే ప్రధానం. పగులులో చెయ్యి బిగించడం నేర్వాలంటే ఇసుకరాయి మంచి బడి.

అటవీ శాఖ చొరవతో ఇక్కడ రాక్ క్లైంబింగ్ శిబిరాలు జరుగుతూ వచ్చాయి. కొత్తవాళ్లు పైనుంచి కట్టిన తాడుతో, హెల్మెట్‌తో, శిక్షకుల ఎదుటే ఎక్కాలి. ముందుగా ఎక్కి బిళ్లలు పెట్టే పని బాగా అనుభవం వచ్చాకే. వరంగల్ నుంచి పరకాల మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. గోదావరిఖని వాళ్లకు మంథని, కాటారం, భూపాలపల్లి మీదుగా దారి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. తడిసిన ఇసుకరాయి బలం తగ్గి అంచులు విరుగుతాయి గనుక, వాన పడితే బాగా ఆరేదాకా గోడ ముట్టుకోకూడదు. తేనెపట్టులున్న వైపు పోవద్దు, అగరొత్తులు, సెంటు వద్దు. నీళ్లు వెంట తెచ్చుకోవాలి. వెళ్లేముందు అటవీ సిబ్బందిని అడిగితే ఏ గోడకు అనుమతి ఉందో చెబుతారు. ఎక్కని వాళ్లు ఆ సిబ్బంది తోడుతోనే గుహల దాకా నడిచి రావచ్చు.