నోటిగుండ నుదరములోనికి

1901వ సంవత్సరమున జర్మనీలోని హాంబర్గు నగరపు సభయందు కెల్లింగను వైద్యుడు, బ్రతికియున్న యొక కుక్క యుదరమున వడగట్టిన గాలి నింపి, మూత్రాశయమును జూచు గొట్టపు యంత్రమును చిన్న రంధ్రముగుండ జొనిపి, లోపలి యవయవములను పరికించెను. ముడుచుకొనిన సంచిలో నేమియు గానరాదు. ఉబ్బిన సంచిలో గానవచ్చును. ఆయన మొదటి తలంపు వేరు. గాలియొత్తిడిచే లోపలి రక్తస్రావము నాపవలెనని యాయన కోరిక. ఆ చికిత్స నిలువలేదు. చూచు విధము నిలిచినది.

నేడు శస్త్రవైద్యులు గాలికి మారుగ బొగ్గుపులుసు వాయువును వాడుదురు. ఒత్తిడిని సాధారణముగ పాదరసపు 15 మిల్లీమీటర్లకు మించనీయరు. మించినచో గుండెకు మరలివచ్చు రక్తము తగ్గును.

2004లో అమెరికాలోని జాన్సు హాప్కిన్సు వైద్యుడు కల్లూ, ఆయన సహచరులు పందులయందు ఇంకొక త్రోవను పరీక్షించి ప్రకటించిరి. మత్తుమందిచ్చి (మూగజీవియని నొప్పిపాలు చేయరాదు గదా!) వంగెడు గొట్టమును నోటిగుండ జీర్ణకోశములోనికి పంపి, దాని గోడకు రంధ్రము చేసి, ఉదరకుహరమును జూచిరి. కష్టమంతయు ఆ రంధ్రమును మూయుటయందే యున్నది. జీర్ణరసమును, సూక్ష్మజీవులును వెలికి జారినచో ఉదరమంతయు చీముపట్టి ప్రాణము పోవచ్చును. చిన్న లోహపు బిగింపులతో మూసిన పిదప ఆ పందులు రెండువారములు చక్కగ మేత మేసెను. మన హైదరాబాదున నాగేశ్వరరెడ్డి, జి. వి. రావుగార్లు ఈ త్రోవనే మనుష్యుని ఉండుకమును తొలగించిరి.