ఎలుక పథ్యం – మనకు పాఠం



ఈమధ్య బజారులో చిన్న చిన్న సీసాల మీదా, పొడి పొట్లాల మీదా 'ప్రొబయాటిక్' అనే మాట తరచు కనిపిస్తోంది. పక్కనే 'ప్రయోగశాలలో పరీక్షించినది' అని కూడా వేస్తారు. ఏ ప్రయోగశాల, ఎవరి మీద పరీక్షించారు అని అడిగితే, చాలాసార్లు వచ్చే జవాబు 'తెల్ల ఎలుకల మీద' అని. ఎలుకకి మంచిదైతే మన పిల్లవాడికి మంచిదేనా? ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

ముందు ఎలుకే ఎందుకని అడుగుతారేమో. ఎలుక మనలాగే అన్నమూ, పప్పూ, పాలూ అన్నీ తింటుంది. మూడు వారాల్లో ఈనుతుంది. రెండు మూడేళ్ళలో దాని జీవితం ముగిసిపోతుంది. మనిషిలో చూడాలంటే ఒక తరం పట్టే మార్పుని ఎలుకలో కొద్ది నెలల్లో చూడవచ్చు.

పరీక్ష ఎలా చేస్తారో 1912లో కేంబ్రిడ్జిలో హాప్కిన్స్ అనే శాస్త్రవేత్త చక్కగా చూపించారు. ఎలుక పిల్లల్ని రెండు జట్లు చేశారు. రెండింటికీ శుద్ధిచేసిన మాంసకృత్తులు, పిండి, చక్కెర, కొవ్వు, లవణాలు ఒకే తీరున పెట్టారు. ఒక జట్టుకి మాత్రం రోజుకి మూడు మిల్లీలీటర్ల పాలు అదనం. అంటే చెంచాడైనా కాదు! పాలు తాగినవి పెరిగాయి, తాగనివి ఆగిపోయాయి. పద్ధెనిమిదో రోజున ఆ పాలు ఈ జట్టుకి మార్చారు. అంతే, ఆగినవి పెరగసాగాయి, పెరిగేవి వెనకబడ్డాయి. తేడా అంతా ఆ కాసిని పాలలోనే ఉందని తేలిపోయింది. ఈనాడు మనం విటమిన్లు అంటున్నవాటికి దారి చూపిన పరీక్షల్లో ఇదొకటి. అన్నీ సమానంగా ఉంచి ఒక్కటే మార్చడం, దీనికి ప్రాణం ఇదే.

ఇక మన దేశానికి వద్దాం. నీలగిరుల్లో కూనూరులో 1918లో ఒక్క గదిలో మొదలైన పరిశోధనశాలలో మెకారిసన్ అనే వైద్యుడు ఎలుకలకు మన దేశపు భోజనాలే పెట్టి చూశారు. సిక్కుల భోజనం, పఠానుల భోజనం, బెంగాలీల భోజనం, మద్రాసు వారి భోజనం – ఇలా ఒక్కో జట్టుకి ఒక్కో తీరు. ముడి గోధుమ రొట్టె, వెన్న, పాలు, మొలకెత్తిన శనగలు, పచ్చి కూరగాయలు, అప్పుడప్పుడు మాంసం తిన్న సిక్కు జట్టు అన్నిటికన్నా బాగా పెరిగింది. అందరికన్నా వెనకబడింది మద్రాసు జట్టు. ఆ రోజుల్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోనివే కదా! అలాగని అన్నం చెడ్డదని కాదు. పాలిష్ పట్టిన బియ్యం, దానికి తోడు పాలూ కూరలూ తక్కువ కావడం అక్కడ లోపం. ఒకటి గమనించారా? ఈ జట్ల మధ్య ఒక్క వస్తువు కాదు, పళ్ళెం మొత్తం మారింది. కనుక పళ్ళెం మంచిదని చెప్పవచ్చు గాని, దాంట్లో ఫలానాదే మందు అని చెప్పడానికి వీల్లేదు. ఆ కూనూరు సంస్థే 1958లో హైదరాబాదుకి తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అనిపించుకుంటోంది.

పెరుగులోని సూక్ష్మజీవుల కథ వేరు. పులిసిన పాలు తాగితే ఆయుష్షు పెరుగుతుందని మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్త వెనకటి శతాబ్దం మొదట్లో చెప్పగానే లోకమంతా ఎగబడింది. 1920 ప్రాంతంలో అమెరికాలో రెట్గర్, చెప్లిన్ అనేవారు దాన్ని తెల్ల ఎలుకలలో పరీక్షించారు. మెచ్నికాఫ్ మెచ్చుకున్న బల్గేరియా క్రిమి పేగుల్లో కాపురం పెట్టలేదు. అసిడోఫిలస్ అనే దాని చుట్టం నిలిచింది. అంతకన్నా వింత, ఏ క్రిమినీ ఇవ్వకుండా పాలలో ఉండే చక్కెర మాత్రం పెట్టినా, లోపల ఉన్న మంచి క్రిములు వాటంతట అవే పెరిగాయి. మనం తినే తిండే వాటికీ తిండన్నమాట.

ఈ పరీక్షల్లో ఒక చిక్కుంది. చెప్పడానికి కాస్త ఏవగింపుగా ఉన్నా చెప్పాలి. ఎలుక తన పెంటికలు తానే తింటుంది, పక్కదాని పెంటికలూ తింటుంది. ఒక పంజరంలో ఉన్నవన్నీ సూక్ష్మజీవుల్ని పంచుకుంటాయి. అందుకని జట్లని విడివిడి పంజరాల్లో ఉంచాలి, అడుగున జాలీ వేయాలి. మరొకటి, 'సి' విటమిన్ ఎలుక శరీరంలోనే తయారవుతుంది, మనకి కాదు. నిమ్మకాయా ఉసిరికాయా ఎరగని ఎలుక హాయిగా బతుకుతుంది. దాన్ని చూసి మనమూ మానేస్తే చిగుళ్ళు నెత్తురు కారుతాయి.

ఈ తేడా ప్రాణాల మీదికి రావడం కూడా జరిగింది. నెదర్లాండ్స్‌లో క్లోమం వాచిన ఎలుకలకు కొన్ని ప్రొబయాటిక్‌లు కలిపి ఇస్తే మేలు కనబడింది. అదే జబ్బుతో ఉన్న మనుషుల మీద చేసిన పరీక్ష ఫలితం 2008లో వెలువడింది. ప్రొబయాటిక్ పుచ్చుకున్న 152 మందిలో 24 మంది చనిపోయారు. ఉత్త పొడి పుచ్చుకున్న 144 మందిలో చనిపోయినవారు 9 మంది. ఎలుకను గట్టెక్కించింది మనిషిని ముంచింది!

అలాగని అంతా మోసమేనా? కానే కాదు. మన ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా పసికందుల మీద జరిపిన పరీక్ష 2017లో ప్రచురించారు. ప్లాంటారం అనే క్రిమినీ, దానికి ఆహారమైన ఒక చక్కెరనీ కలిపి పుట్టిన తొలి రోజుల్లో ఏడు రోజులు ఇచ్చారు. నెత్తురు విషపూరితం కావడం, మరణం – రెండూ కలిపి నూటికి 9 మందిలో జరిగేది 5.4కి తగ్గింది. కాని ఆ క్రిమి ఎంచి తీసినది, మోతాదు కొలిచినది, పిల్లలు తల్లిపాలు తాగుతున్నవారు. ఇది విని ఎవరూ పసిబిడ్డ నోట్లో మజ్జిగ చుక్క వేయకండమ్మా! ఆరు నెలలదాకా తల్లిపాలే.

ఇక సీసా కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏ క్రిమి, దాని పూర్తి పేరు రాశారా? వాడాల్సిన గడువుదాకా ఎన్ని బతికి ఉంటాయో రాశారా? నాకున్న బాధకే మనుషుల మీద పరీక్షించారా? మూడింటికీ జవాబు లేకపోతే డబ్బు పర్సులోనే ఉంచుకోవచ్చు. నెలలు నిండని బిడ్డలకీ, పెద్ద జబ్బుతో మంచాన ఉన్నవారికీ డాక్టరుని అడగందే ఇవ్వవద్దు.

మన ఇంటి పెరుగు మాటేమిటంటారా? ఏ తోడులో ఏ క్రిములున్నాయో ఎవరూ లెక్క కట్టలేదు గనుక దాన్ని మందు అనలేము. కాని మాంసకృత్తులూ సున్నమూ ఉన్న మంచి ఆహారం. పాలు పడనివారికి కూడా చాలామందికి పెరుగు పడుతుంది, పాలచక్కెరని అరిగించడానికి అందులోని క్రిములే సాయం చేస్తాయి. మజ్జిగ పులుసు కాచినా, పులిసిన పిండితో ఇడ్లీ వేసినా ఆ వేడికి క్రిములు చస్తాయి, రుచీ బలమూ ఉంటాయి. బతికున్న క్రిములు కావాలంటే చల్లారిన అన్నంలో పెరుగు కలుపుకోండి. పక్కన ఓ ఆకుకూర, ఓ పప్పు, ఓ పండు ఉండేట్టు చూసుకోండి. కూనూరు ఎలుకలు చెప్పింది ఆ నిండు పళ్ళెం సంగతే.