పని పోకముందే చూసుకోవలసిన కాగితాలు

పోయిన సెలవుల్లో మా వీధి అక్క ఒకామె కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో మూడేళ్ళు పని చేసింది. ఆర్డర్లు తగ్గినాయని ఆమె లైనులో కొంతమందిని నిలిపేశారు. "నువ్వు కాలేజీలో చదివేదానివి గదా, ఇందులో ఏముందో చూసి చెప్పు. పని పోతే ఈఎస్ఐలో డబ్బులు ఇస్తారంటాండారు, నాకు వస్తాదా?" అని అడిగింది. కాగితం ఇంగ్లీషులో ఉంది. 'నా సొంత కారణాల వల్ల నేనే పని మానుకుంటున్నాను' అని దాని అర్థం. కింద అక్క సంతకం ఉంది. ఆ మాట చదివి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మన క్లాసులో చాలామంది ఇండ్లలో ఎవరో ఒకరు సిప్‌కాట్‌కి పనికి పోయేవాళ్ళే. అందుకని నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఉన్న పని పోయినవాళ్ళకి ఒక దారి, అసలు పనే దొరకనివాళ్ళకి ఇంకో దారి. మొదటిది ఈఎస్ఐ ఆఫీసు, రెండోది ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసు. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకొని ఊరికే తిరుగుతారు.

పని పోయినవాళ్ళకి

నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉండి, ఈఎస్ఐ వర్తించే చోట పని చేసేవాళ్ళ జీతంలో 0.75 శాతం పట్టుకుంటారు. యజమాని 3.25 శాతం కడతాడు. అంటే 15,000 జీతమైతే మనది 112 రూపాయల 50 పైసలు, వాళ్ళది 487 రూపాయల 50 పైసలు. ఇది ఆసుపత్రి ఖర్చుకు మాత్రమే అని అనుకుంటాము. కానీ 2018 జూలైలో 'అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన' అని పని పోయినవాళ్ళ కోసం ఒక పథకం వచ్చింది. మొదట సగటు రోజు సంపాదనలో 25 శాతం ఇచ్చేవాళ్ళు. కరోనా కాలంలో, 2020లో, దాన్ని 50 శాతం చేశారు. 90 రోజుల వరకు ఇస్తారు. రోజుకు 500 సంపాదించే మనిషికి సగం లెక్కన 250 చొప్పున 90 రోజులకు 22,500 రూపాయలు.

దీనికి అర్హత ఏమంటే, పని పోయేనాటికి రెండేళ్ళు బీమాలో ఉండాలి. ఈఎస్ఐ లెక్కలో ఏప్రిల్ నుండి సెప్టెంబరు ఒక విడత, అక్టోబరు నుండి మార్చి ఒక విడత. సడలించిన నియమం ప్రకారం, పని పోవడానికి ముందు విడతలో కనీసం 78 రోజులు, ఆ రెండేళ్ళలో మిగిలిన మూడు విడతల్లో ఏదో ఒకదానిలో 78 రోజులు చందా కట్టి ఉండాలి. పని పోయి 30 రోజులు దాటినాక ఈఎస్ఐ వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టి, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్ళతో బ్రాంచి ఆఫీసుకి పోవాలి.

ఎవరికి రాదు? తప్పు చేసినందుకు తీసేసినవాళ్ళకి, రిటైరైనవాళ్ళకి, తమంతట తామే పని వదిలేసినవాళ్ళకి. అక్క కాగితంలో ఉన్నది ఈ చివరి మాటే. నిలిపేసింది వాళ్ళు, మానుకున్నానని రాసిచ్చింది ఈమె!

ఇంకొక సంగతి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త ఈఎస్ఐ నంబరు తీసుకోకూడదు. పాత నంబరే ఇవ్వాలి. లేకపోతే మూడేళ్ళు పని చేసినా లెక్కలో ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

పని దొరకనివాళ్ళకి

ఇది తమిళనాడు ప్రభుత్వం ఇచ్చేది. మన ఇండ్లలో తెలుగులో మాట్లాడినా దీన్ని 'ఉదవిత్తొగై' అనే అంటారు. జిల్లా ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో చదువు నమోదు చేసుకొని, రెన్యువల్ తప్పకుండా ఐదేళ్ళు ఎదురుచూసి ఉండాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 మించకూడదు. వయసు 40 లోపు, ఎస్సీ, ఎస్టీలకు 45 లోపు. నెలకు పది తప్పినవాళ్ళకి 200, పాసైనవాళ్ళకి 300, ప్లస్ టూ అయితే 400, డిగ్రీ అయితే 600 రూపాయలు. మూడు నెలలకొకసారి బ్యాంకులో పడుతుంది. మూడేళ్ళు ఇస్తారు. దివ్యాంగులకు ఏడాది నమోదు చాలు, సొమ్ము ఎక్కువ, పదేళ్ళు ఇస్తారు. ఇంజనీరింగు, వైద్యం లాంటి వృత్తి డిగ్రీలకు ఇది లేదు. కాలేజీకి రోజూ వచ్చి చదివే మనలాంటివాళ్ళకి కూడా ఇప్పుడు రాదు. ఈ సొమ్ము తీసుకుంటే ఎంప్లాయ్‌మెంట్ కార్డు రద్దవుతుందని కొందరు భయపడతారు. అది నిజం కాదు.

నెలకు 600తో ఏం వస్తుంది అని మీరు అడగవచ్చు. ఆ మాట నిజమే. కానీ ఐదేళ్ళు ఎదురుచూసినవాళ్ళకి బస్సు చార్జీ, దరఖాస్తు ఫీజు కూడా ఇంట్లో అడగాలంటే ఎంత చిన్నతనంగా ఉంటుందో మనకు తెలుసు.

కుప్పం వైపు బంధువులు 'మాకు యువనేస్తం ఇచ్చినారు' అంటారు. అది 2018లో ఆంధ్ర ప్రభుత్వం పెట్టిన వేరే పథకం. మనకు ఇక్కడి నియమాలే.

ఇవన్నీ చదివినాక నాకు అర్థమైంది ఒకటే. పని లేదని చెప్పినంత మాత్రాన ఎవరూ డబ్బు ఇవ్వరు. పని ఉన్నప్పుడు కట్టిన చందా, చదువు అయినప్పుడు చేసిన నమోదు, ఇవే అప్పుడు మన తరఫున మాట్లాడతాయి.

అక్కతో హోసూరు బ్రాంచి ఆఫీసుకి పోయి జరిగింది చెప్పి దరఖాస్తు పెట్టాము. ఏమవుతుందో చూడాలి.

మనలో చాలామందికి స్కూల్లోనే ఎంప్లాయ్‌మెంట్ కార్డు చేయించి ఉంటారు. దాన్ని మూడేళ్ళకొకసారి రెన్యువల్ చేయాలి. ఈ రోజు ఇంటికి పోయి ఆ తేదీ చూడండి. పనికి పోయే అమ్మనో అక్కనో ఈఎస్ఐ నంబరు అడిగి రాసిపెట్టుకోండి. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని చెప్పండి. ఫారం అర్థం కాకపోతే మధ్యాహ్నం అన్నం వేళకి రెండో సంవత్సరం క్లాసుకి తీసుకురండి, అందరం కూర్చొని చదువుదాం.