కంటి క్యాన్సర్‌ నయమైనా కాపలా తప్పదు

* వంశపారంపర్య రెటినోబ్లాస్టోమాతో మరో క్యాన్సర్‌ ముప్పు
* ఎదిగే వయసులో కాలి నొప్పిని అలక్ష్యం చేయరాదు

పసితనంలో కంటి క్యాన్సర్‌ను జయించిన పిల్లల్లో కొందరికి ఏళ్లు గడిచాక శరీరంలో మరోచోట క్యాన్సర్‌ తలెత్తే ప్రమాదం ఉంది. ఇది పాత వ్యాధి తిరగబెట్టడం కాదు, కొత్తగా పుట్టే వ్యాధి. కన్ను బాగైందన్న ధీమాతో ఆసుపత్రికి వెళ్లడం మానేస్తే దీనిని ఆలస్యంగా గుర్తించే పరిస్థితి ఏర్పడుతుంది.

రెటినోబ్లాస్టోమా కంటి లోపలి రెటీనా పొరపై పెరిగే కణితి. ఎక్కువగా అయిదేళ్లలోపు పిల్లలకు వస్తుంది. కంటిపాప తెల్లగా మెరవడం, మెల్లకన్ను దీని ప్రధాన లక్షణాలు. హైదరాబాద్‌లోని ఎల్‌.వి.ప్రసాద్‌ నేత్ర వైద్య సంస్థలో దీనికి చికిత్స అందుబాటులో ఉంది.

లోపం ఎక్కడ?

కణాలు అదుపు తప్పకుండా 13వ క్రోమోజోమ్‌పై ఉన్న ఆర్‌బీ1 జన్యువు కాపాడుతుంది. ప్రతి కణంలో ఇది రెండు ప్రతులుగా ఉంటుంది. రెండు దెబ్బలు తగిలితేనే ఈ కణితి పుడుతుందని అమెరికా శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్‌ నుడ్సన్‌ 1971లో ప్రతిపాదించారు. వంశపారంపర్య రకంలో ఒక ప్రతి పుట్టుకతోనే చెడిపోయి ఉంటుంది. కంటికి చికిత్స చేసినా ఎముకలు, కండరాలు, చర్మంలో ఆ లోపం మిగిలే ఉంటుంది.

బాధితుల్లో సుమారు 40 శాతం మందిది ఈ రకమే. రెండు కళ్లకూ వస్తే వంశపారంపర్యంగానే పరిగణిస్తారు. ఒక కంటికే వచ్చినవారిలోనూ కొందరికి ఈ లోపం ఉంటుంది. మేనరికమే దీనికి కారణమన్న అభిప్రాయం సరికాదు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి సంక్రమించినా చాలు. ఇరువైపులా ఎవరికీ లేకున్నా బిడ్డలో కొత్తగా ఏర్పడవచ్చు.

రేడియేషన్‌తో పెరిగే ముప్పు

వంశపారంపర్య రకం బాధితుల్లో రేడియేషన్‌ పొందినవారికి 50 ఏళ్లలో మరో క్యాన్సర్‌ వచ్చే అవకాశం సుమారు 38 శాతమని, పొందనివారికి 21 శాతమని 2005లో ప్రచురితమైన అమెరికా అధ్యయనం తేల్చింది. అందుకే 1990ల నుంచి వైద్యులు వీలైనంతవరకు కీమోథెరపీ, లేజర్‌ వైపు మొగ్గారు. అయితే రేడియేషన్‌ తీసుకోలేదు కనుక భయం లేదనుకోవడం పొరపాటేనని ఈ లెక్కలే చెబుతున్నాయి.

ఏం గమనించాలి?

* మోకాలి పైన, కింద తగ్గని నొప్పి, వాపు ఉంటే ఆటల్లో దెబ్బ తగిలిందని సరిపెట్టుకోరాదు. కౌమారంలో ఎముక క్యాన్సర్‌ ముప్పు ఎక్కువ.
* రేడియేషన్‌ ఇచ్చిన కంటి చుట్టూ, ముఖంపై గడ్డ కనిపించినా, పుట్టుమచ్చ రంగు, పరిమాణం మారినా చూపించాలి.
* చిన్నపిల్లల్లో విడవని తలనొప్పి, వాంతులు ఉంటే మెదడు పరీక్ష అవసరం.
* స్కానింగ్‌కు ముందు పాత వ్యాధి సంగతి వైద్యునికి తెలపాలి. వీలున్నచోట సీటీకి బదులు ఎంఆర్‌ఐ మేలు.
* లోపమున్నవారి సంతానంలో ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. పుట్టిన వెంటనే కంటి పరీక్ష చేయించాలి. తోబుట్టువులకూ పరీక్ష అవసరం.

ఏడాది వయసులో జరిగిన చికిత్స బిడ్డకు గుర్తుండదు. ఆసుపత్రి కాగితాలను తల్లిదండ్రులు భద్రపరచి, ఎదిగాక విషయం వివరించి అప్పగించాలి. ఈ జాగ్రత్త జీవితాంతం అవసరం.